పదుగురి పుటగుర్తులు

నేను దెందులూరు నివాసిని. ముప్పదియైదేండ్లు ఉన్నతపాఠశాలలలో తెలుగు పండితుడుగా పనిచేసి విశ్రాంతి పొందినవాడను. అమరము వల్లించి, లఘుకౌముది చదివి బ్రతుకు గడపిన యీ ముసలివానికి అంతర్జాలముతో నేమి పని యని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. నాకును మొదట నట్లే తోచినది. కాని యొక పుస్తకమును పోగొట్టుకొని వెదకికొన్నమీదట, ఈ విద్య మనవంటివారికే యెక్కువ యవసరమని తెలిసికొంటిని. ఆ కథతోనే మొదలుపెట్టెదను.

నాకు చదువు చెప్పిన గురువుగారు తమ పడుచుతనమున, స్వాతంత్ర్యము రాకపూర్వము, ఒక శతకమునకు టీకాతాత్పర్యములు వ్రాసి ఏలూరులో నచ్చువేయించిరి. నూఱు పుటలకు మించని చిన్న పుస్తకము. పంచిపెట్టగా మిగిలిన ప్రతులు చెదలపాలైనవి. వారు నాకిచ్చిన ప్రతి, మా పాతయింటి పెంకు జాఱి కురిసిన యొక వానకాలమున, బీరువాలోనే తడిసి ముద్దయినది. వారి చేతివ్రాత యొక్కటియైనను నాయొద్ద లేదు. 2015లో నొక రాత్రి, సెలవునకు వచ్చిన మా యబ్బాయి తన కంప్యూటరు నాకప్పగించి నిద్రించుచుండగా, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా యను పుస్తకనిధిలో నేమేమో తిరుగవేయుచు పోగా, హఠాత్తుగా ఆ పుస్తకపు ముఖపత్రము నా యెదుట నిలిచినది. పైన శతకము పేరు, నడుమ గురువుగారి పేరు, అడుగున అచ్చుకూటము పేరు, దాని ప్రక్కన ఇంగ్లీషులో ‘ఎల్లోర్’ అని ఊరి పేరు. కొంతసేపు ఊరక చూచుచు కూర్చుంటిని. నాలుగు పుటలు చదివితిని. ప్రొద్దుపోయినది. మిగిలినది రేపు చదువుకొందమని కంప్యూటరు కట్టివేసితిని.

మఱునాడు ఎంత వెదకినను దొరకలేదు. ఆ తరువాత ఎనిమిదేండ్లు దొరకలేదు.

ఎందుకు దొరకలేదో తెలియవలెనన్న ఆ పుస్తకనిధి సంగతి కొంచెము చెప్పవలెను. ఆనాటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున కంప్యూటరు శాస్త్రమున కాచార్యులై, 1994లో ట్యూరింగ్ పురస్కారము పొందిన రాజ్ రెడ్డిగారు, పది లక్షల పుస్తకములను పుటపుటకు ఛాయాచిత్రము తీయించి లోకమున కుచితముగా నందీయవలెనని సంకల్పించిరి. బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ మొదలైన సంస్థలు ఆ పనిలో పాలుపంచుకొనెను. ఆ సంకల్పమునుండి పుట్టినదే మన దేశపు డిజిటల్ లైబ్రరీ. వేలకొలది తెలుగు పుస్తకములు దానిలో చేరినవి. పని గొప్పది; పట్టిక మాత్రము చక్కగా కుదరలేదు. తెలుగు పేర్లను ఇంగ్లీషు అక్షరములలో నెక్కించిరి. మన దీర్ఘములు, ఒత్తులు ఆ ఇరువదియాఱక్షరములలో నిముడునవి కావు గదా! ఒకరు వ్రాసినట్లు మఱియొకరు వ్రాయలేదు. నేను తెలుగులో వ్రాసి వెదకినను, ఇంగ్లీషులో నాకు తోచిన విధములన్నిట వ్రాసి వెదకినను, ఎక్కించినవారికి తోచిన వర్ణక్రమము నాకు తట్టలేదు. పిమ్మట కొన్నేండ్లకు ఆ వెబ్‌సైటే మూతపడినది. పుస్తకములలో పెక్కింటిని ఇంటర్నెట్ ఆర్కైవ్ అను మఱియొక నిధిలో నిలిపిరి గాని, చిరునామాలన్నియు మాఱిపోయినవి. తెలుగు వికీపీడియాకు శ్రమదానము చేయువారు కొందఱు ఆ పుస్తకములకు మఱల తెలుగులో పట్టికలు వ్రాసిరి. వారికి మనమందఱము ఋణపడియున్నాము. నా పుస్తకము మాత్రము ఆ పట్టికలలో నా కంటబడలేదు.

ఆ రాత్రి నేను చేయక విడిచిన పని యొక్కటే: పుస్తకములో గుర్తు పెట్టలేదు. మా తాతగారు భారతము చదివి ఆపినచోట మారేడుదళము పెట్టెడివారు. మీ యిండ్లలో పిల్లలు పుస్తకమున నెమలికన్ను దాచుదురు. అంతర్జాలమునందును అట్టి గుర్తు కలదు. అక్కడ ప్రతి పుటకు నొక చిరునామా యుండును. దానిని లింకు అందురు. సెల్‌ఫోనులో గాని కంప్యూటరులో గాని ఆ పుటలను చూపు సాధనమునకు బ్రౌజరు అని పేరు. చూచుచున్న పుట మఱల కావలెనని తోచినప్పుడు బ్రౌజరులోని నక్షత్రపు గుర్తును నొక్కినచో, ఆ చిరునామా భద్రమై యుండును. దీనిని బుక్‌మార్కు అందురు. నేను పుటగుర్తు అనుచుంటిని, మా కుఱ్ఱవాండ్రు నవ్వినను.

ఇట్లు పెట్టుకొన్న గుర్తులు సామాన్యముగా ఎవరి సాధనములో వారికే యుండును. ఫోను నీటబడినచో గుర్తులును నీటబడినట్లే. మఱియు వానిని అఱలుగా సర్దుకొనవలెను. వందయైనంతవఱకు బాగుండును. వేయియైన పిదప ఏది యే యఱలో పెట్టితిమో మనకే తెలియదు.

ఈ చిక్కు పడినవాడే దీనికి విఱుగుడు కనిపెట్టెను. జాషువా షాక్టర్ అను అమెరికా యువకుడు మోర్గాన్ స్టాన్లీ యను ధనవ్యాపార సంస్థలో ఉద్యోగి. తనకు నచ్చిన చిరునామాలనెల్ల ఒకే దస్త్రములో వరుసగా వ్రాసికొను అలవాటు ఆయనకుండెను. అవి వేలకు వేలు కాగా, ప్రతిదాని ప్రక్కన అది దేనినిగూర్చినదో ఒకటి రెండు మాటలు వ్రాసికొనసాగెను. ఆ మాట పట్టుకొని వెదకినచో చిరునామా దొరకెడిది. తన కుపయోగించినది ఇతరులకేల యుపయోగింపదని, 2003లో ‘డెలిషస్’ అను వెబ్‌సైటును నెలకొల్పెను. రుచికరమైనదని ఆ మాటకర్థము. తొలినాడు దాని చిరునామాలో ఆ మాటను మూడు ముక్కలుగా విఱిచి నడుమ చుక్కలు పెట్టిరి. యతికొఱకు పదమును విఱుచు మన కవుల కిది వింతగా దోచదు.

అందులో నెవరైనను చేరి తమ పుటగుర్తులను పెట్టుకొనవచ్చును. పెట్టునప్పుడు పుట చిరునామా, దాని శీర్షిక, కావలసినచో రెండు మూడు వాక్యముల వివరణము, ఆపైన కొన్ని మాటలు వ్రాయవలెను. ఈ మాటలే ట్యాగులు. మందుసీసాకు అంటించిన చీటివంటివి గనుక నేను చీటి యందును. ఒక గుర్తునకు ఒక చీటియే అంటింపవలెనను నియమము లేదు. ఐదైనను పదియైనను అంటింపవచ్చును. ఏ మాట వ్రాయవలెనో చెప్పు అధికారి యెవరును లేడు. ఇట్లు జనులే తమ మాటలతో చేసికొను వర్గీకరణమునకు 2004లో థామస్ వాండర్ వాల్ అను నాతడు ‘ఫోక్సానమీ’ యని పేరుపెట్టెను. జనవర్గీకరణ మనుకొందము.

ఇక్కడ నాకు అమరకోశము జ్ఞాపకము వచ్చినది. అమరసింహుడు శబ్దములను వర్గులుగా కూర్చెను. స్వర్గవర్గు, భూమివర్గు, వనౌషధివర్గు, ఇట్లు. చేప పేళ్ళు కావలెనన్న వారివర్గులోనికి పోవలెను. ఆ సంగతి తెలిసినవానికే చేప దొరకును. అఱలలో గుర్తులు సర్దుట యిట్టిది. కాని శబ్దములన్నియు అంత బుద్ధిగా ఒక్కచోట కూర్చుండవు. హరి శబ్దమున్నది. అది విష్ణువునకు చెల్లును, సింహమునకు చెల్లును, గుఱ్ఱమునకు, కోతికి, కప్పకు గూడ చెల్లును. దానిని ఏ వర్గులో పెట్టవలెను? అందులకే మూడవకాండమున నానార్థవర్గు వచ్చినది. ఒకే గుర్తునకు పెక్కు చీటీలంటించు నీ పద్ధతి నానార్థవర్గును లోకమంతటికి విస్తరింపజేసినట్లున్నది. 1933లో కోలన్ వర్గీకరణమును ప్రకటించిన మన రంగనాథన్‌గారును, మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయమున కూర్చుండి యీ చిక్కునే ఆలోచించిరి: ఒక పుస్తకమునకు పెక్కు ముఖములుండగా అది బీరువాలో ఒక్కచోటనే యేల యుండవలెను?

మా ప్రాంతమునే తీసికొనుడు. 1925లో కృష్ణాజిల్లాను విడదీసి పశ్చిమగోదావరి జిల్లా నేర్పఱచిరి. అంతకు కొంచెము ముందటి ప్రభుత్వ గ్రంథములలో ఏలూరు కృష్ణాజిల్లా క్రింద నుండును. నేను ఉద్యోగము చేసిన కాలమంతయు మాది పశ్చిమగోదావరి. 2022 ఏప్రిల్ 4వ తేదీన ఏలూరు జిల్లా యేర్పడగా దెందులూరు దానిలోనికి వచ్చినది. కృష్ణాజిల్లాలోని కైకలూరు కూడ వచ్చి మాతో చేరినది. తాడేపల్లిగూడెము పశ్చిమగోదావరిలోనే నిలిచిపోయినది. మఱి మా యూరినిగూర్చిన కాగితమును ఏ జిల్లా అఱలో పెట్టవలెను? ఒక అఱలో పెట్టినవాడు మిగిలిన రెండింటిలో వెదకువానికి ద్రోహము చేసినట్లే. చీటీలైనచో మూడును అంటింపవచ్చును. అంతేకాదు, ఇంగ్లీషువారి పాత గ్రంథములలో ఏలూరు ‘ఎల్లోర్’ అయినది, కొల్లేరు ‘కొలెయిర్’ అయినది. ఆ మాటలను గూడ చీటీలుగా వ్రాసినవాడు పుణ్యాత్ముడు. ఎందుచేతనో చివర తెలియగలదు.

ఇంతవఱకు చెప్పినది ఒక్కని సౌకర్యము. పదుగురు చేరినప్పుడు దీని బలము తెలియును. నేను పెట్టిన గుర్తునే ఇంకెందఱు పెట్టిరో ఆ వెబ్‌సైటు చూపును. వారి పేరును నొక్కినచో వారి పట్టిక తెఱచుకొనును. కొల్లేరు అను చీటిని నొక్కినచో ఆ చీటితో లోకములో నెవరెవరు ఏమేమి గుర్తుపెట్టిరో వచ్చి నిలుచును. గూగుల్ వంటి యంత్రము వెదకి తెచ్చునది వేఱు. మనిషి చదివి, పనికివచ్చునని తలచి, ప్రక్కన రెండు మాటలు వ్రాసి పెట్టినది వేఱు. ఆ మనిషి అభిరుచి మనకు నచ్చినచో, వాని పట్టికయే మనకొక గ్రంథాలయము. 2008 చివరకు డెలిషస్‌లో 53 లక్షల మంది చేరి, 18 కోట్ల చిరునామాలకు గుర్తులు పెట్టిరని లెక్క.

వాట్సాప్‌లో మేము దినమును లింకులు పంపుకొనుచునే యున్నాము గదా, వేఱుగా నిదేల యని మీరడుగవచ్చును. వాట్సాప్ కాలువ. ఉదయము వచ్చినది సాయంకాలమునకు దిగువకు పోవును. మూడు నెలల క్రిందటి లింకును, వచ్చిన పండుగ శుభాకాంక్షలన్నిటి క్రిందనుండి ఎవరు పైకి తీయగలరు? పుటగుర్తుల పట్టిక చెఱువు. వేసవిలో తోడుకొనవచ్చును.

పుస్తకము చదువరియొద్దకు పోవలెనని మన పెద్దలు పడిన శ్రమ తలచుకొన్నచో ఈ పని చాల తేలిక. 1914లో బెజవాడలో అయ్యంకి వేంకటరమణయ్యగారు మొదలైనవారు ఆంధ్రదేశ గ్రంథాలయోద్యమమునకు సంఘము కట్టిరి. 1935లో పాతూరి నాగభూషణముగారు గుంటూరు సీమలో పుస్తకములను పడవకెక్కించి కాలువ వెంబడి ఊరూరికి పంపిరి.

ఇక మా యూరి సంగతి. 2018లో, గ్రంథాలయమున సాయంకాలము కూడు పెద్దలము కొందఱము, సెలవులలో వచ్చు నలుగురు యువకులు కలిసి, ఉచితముగా దొరకిన యొక వెబ్‌సైటులో ఉమ్మడి పట్టిక మొదలిడితిమి. భూమి లెక్కలు చూచుకొను మీభూమి పుట, మార్టేరు వరి పరిశోధనా స్థానమువారి వంగడముల వివరములు, పెదవేగి ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థవారి సూచనలు, పింఛను నియమములు, పాత తెలుగు పుస్తకములు, ఇట్లు ఎవరికి తోచినవి వారు చేర్చిరి. రెండేండ్లలో ఏడువందలు దాటినవి.

అందులో కొల్లేటి కాగితముల కథ చెప్పవలెను. 1999 అక్టోబరులో ప్రభుత్వము 120వ నంబరు ఉత్తర్వుచేత కొల్లేటిలో ఐదవ కాంటూరు వఱకు గల 308 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటించినది. 2002లో ఆ సరస్సు రామ్‌సర్ ఒడంబడిక పట్టికకెక్కినది. 2006లో ఆ హద్దులోని చేపలచెఱువుల గట్లను యంత్రములతో కొట్టివేసిరి. ఈ మూడు సంగతులు లంకగ్రామములలో ఇంటింటికి తెలియును. కాగితములు మాత్రము ఎవరియొద్దను ఉండవు. ఒక లంకనుండి మా గ్రంథాలయమునకు ఒక పెద్దమనిషి వచ్చెను. తన జిరాయితీ నేల హద్దు లోపలిదో వెలుపలిదో తేల్చుకొనవలసి యుండి, ఆ ఉత్తర్వు ప్రతి కావలెననెను. ఎవరో ఫోనులో పంపిరట; ఆ ఫోను చెడినదట. తెలిసినవారిని అడుగగా ఒక్కొక్కరొక్కొక్క మాట చెప్పిరట. మా పట్టికలో ‘కొల్లేరు’, ‘ఉత్తర్వు’ అను రెండు చీటీలను కలిపి నొక్కగా నిమిషములో దొరికినది. అచ్చు తీసి యిచ్చితిమి. ఆయన దానిని రెండుమార్లు చదివించుకొని, మడచి చొక్కా లోపలి జేబులో పెట్టుకొని, “పంతులుగారూ, ఇన్నాళ్ళు నేను విన్నవన్నీ మాటలేనండి, కాగితం ఇదే చూడటం” అని పోయెను. ఉత్తర్వు ఆయనకు అనుకూలమో ప్రతికూలమో నేనడుగలేదు.

మా పట్టికలో తగవులు లేకపోలేదు. ఒకరు ‘చేప’ యని, మఱియొకరు ‘చేపలు’ అని, వేఱొకరు ‘ఆక్వా’ యని చీటీ వ్రాసిరి. యంత్రమునకు వ్యాకరణము రాదు. అవి మూడును దానికి మూడు వేఱు పదార్థములు. ప్రథమావిభక్తి యేకవచనముననే వ్రాయవలెనని నేను పట్టుపట్టితిని. చేపలచెఱువులో ఒక్క చేప యుండునా మాస్టారూ యని కుఱ్ఱవాండ్రు. నెల దినములు వాదించి, నలువది మాటలు నిర్ణయించి, కాగితముపై వ్రాసి గ్రంథాలయపు గోడ కంటించితిమి. ఏ మాటకు ఏ మాట పర్యాయమో ప్రక్కన వ్రాసితిమి. ఆ వెబ్‌సైటులో మాటల నడుమ ఖాళీ విడిచినచో ఒక చీటీ రెండగుచుండెను. ‘చేపల చెఱువు’ అని విడదీసి వ్రాసినచో చేపలొకచోట, చెఱువొకచోట పోయెడివి. కనుక సమాసము చేసి వ్రాయుడని చెప్పితిని. ఉద్యోగజీవితమంతయు సమాసములు చెప్పిన ఫలము అక్కడ దక్కినది.

ఇప్పుడు దుఃఖమైన భాగము. మేము నమ్ముకొన్న వెబ్‌సైటువారు తమ పని చాలించుచున్నామని, ఎవరి గుర్తులను వారు మూడు నెలలలో దించుకొనవలెనని, ఖాతాదారులకు ఈమెయిలు పంపిరి. మా ఖాతా ఒక యువకుని పేర నుండెను. అతడు ఉద్యోగము దొరకి హైదరాబాదు పోయెను. ఆ పాత ఈమెయిలును తెఱచుట మానెను. గడువు దాటిన పిమ్మట మేము చూడగా పుట లేదు. రెండేండ్లపాటు పదుగురు సాయంకాలములు కూర్చుండి చేర్చినది పోయినది. ఆ వెబ్‌సైటువారిని నేను నిందింపను; చెప్పియే మూసిరి. ఒక్క ప్రతియైనను దించి దాచుకొనని తెలివితక్కువ మాది. తడిసిన పుస్తకముచేత నాకొకమారు బుద్ధి రావలసినది, రాలేదు.

పెద్ద పెద్దవియు ఇట్లే పోయినవి. డెలిషస్‌ను 2005 డిసెంబరులో యాహూ సంస్థ కొన్నది. 2010లో దానిని మూయుదురను వార్త పొక్కగా, జనులు తమ పట్టికలు దించుకొని పరుగెత్తిరి. 2011లో మఱియొకరు కొనిరి. ఆపైన చేతులు మాఱి మాఱి, 2017లో 35 వేల డాలర్లకు పిన్‌బోర్డు అను చిన్న వెబ్‌సైటు యజమాని కొనెను. ఆ పిన్‌బోర్డు 2009లో మొదలైనది, ఉచితము కాదు, చందా పుచ్చుకొనునది. కొన్నవాడు డెలిషస్‌లో క్రొత్త గుర్తులు పెట్టుట నిలిపివేసెను. ఉచితముగా అన్నము పెట్టిన సత్రము అప్పులపాలై, పూటకింత యని పుచ్చుకొను పూటకూళ్ళయిల్లు నిలిచినట్లయినది. గూగుల్‌వారు తమ బుక్‌మార్కుల సేవను 2021లో మూసిరి. చదువదగినవానిని దాచుకొనుటకు లక్షలమంది వాడిన పాకెట్ అనునది 2025 జూలైలో మూతపడినది.

గుర్తు నిలిచినను పుట నిలువకపోవచ్చును. 2013లో నున్న వెబ్‌పుటలలో నూటికి 38 పదేండ్ల తరువాత దొరకలేదని అమెరికాలోని ప్యూ పరిశోధన సంస్థ 2024లో ప్రకటించినది. మన ప్రభుత్వపు పుటల సంగతి మీకే తెలియును. 2014లో రాష్ట్రము విడిపోయిన పిదప ఎన్ని చిరునామాలు మాఱెనో! దీనికి కొంత ఉపాయమున్నది. ఇంటర్నెట్ ఆర్కైవ్‌వారు 1996 నుండి వెబ్‌పుటలకు నకళ్ళు తీసి దాచుచున్నారు. వేబ్యాక్ మెషీన్ అను వారి పుటలో పోయిన పుట చిరునామా వ్రాసినచో, నకలు దొరకిన దొరకవచ్చును. మనకు ముఖ్యమైన పుటను వెంటనే నకలు తీయుడని మనమే అక్కడ కోరవచ్చును; దానికి రుసుము లేదు.

మేము మఱల 2022లో పట్టిక మొదలిడితిమి. ఈమాఱు ఖాతా ముగ్గురి యెఱుకలో నున్నది. ఈమెయిలు వారమునకొకమారు తెఱతుము. ప్రతి నెల మొదటి ఆదివారమున పట్టికనంతయు ఒక దస్త్రముగా దించి గ్రంథాలయపు కంప్యూటరులో నొకటి, పెన్‌డ్రైవులో నొకటి దాచుదుము. వెనుకటి నెట్‌స్కేప్ అను బ్రౌజరువారు ఏర్పఱచిన రూపమున ఆ దస్త్రము దిగును. నెట్‌స్కేప్ పోయి చాలకాలమైనది గాని, ఆ రూపమును నేటి బ్రౌజర్లు దాదాపు అన్నియు చదువగలవు. కనుక ఈ వెబ్‌సైటు మూతపడినచో మఱియొకదానిలోనికి ఎక్కింపవచ్చును. ప్రభుత్వపు ఉత్తర్వులకైనచో గుర్తుతో తృప్తిపడక ప్రతినే దించుకొందుము. ముఖ్యమైన యిన్నూఱింటిని నేను రిజిస్టరులో చేతితో గూడ వ్రాయుచున్నాను. కుఱ్ఱవాండ్రకు నవ్వు, నాకు ధైర్యము.

జాగ్రత్తలు రెండు మూడున్నవి. పట్టిక అందఱికి కనబడునా, మనకే కనబడునా యన్నది గుర్తు పెట్టునప్పుడే చూచుకొనవలెను. బ్యాంకు పుటలు, ఆధారు కాగితములు, పాసుపుస్తకపు నకళ్ళు ఉమ్మడి పట్టికలోనికి రానే రాదు. చదువకుండ గుర్తు పెట్టరాదు. మా పట్టికలో ఒకరు మధుమేహము వారములో కుదుర్చునను పుటకు ‘వైద్యము’ అను చీటీ అంటించిరి; ఇన్సులిను మానబోయిన యొక ముసలమ్మను ఆమె కోడలు సమయమునకు చూచి ఆపినది. నాటినుండి ప్రతి గుర్తునకు ఎవరు చేర్చిరో, ఎప్పుడు చేర్చిరో, పుట ఎవరిదో వివరణములో వ్రాయుచున్నాము. వైద్యము చీటీ క్రింద ప్రభుత్వ వైద్యసంస్థల పుటలు తప్ప ఉంచుట లేదు.

గురువుగారి పుస్తకము మాట మిగిలినది. 2023లో నొక సాయంకాలము, కొల్లేటినిగూర్చిన పాత గ్రంథములకై మా పట్టికను విడిచి ఇతరుల పట్టికలలో ‘ఎల్లోర్’ అను చీటీని నొక్కితిని. ఎవరో యొకరు, పేరు చూడగా తెలుగువారని తోచినది, ఏలూరులో నచ్చయిన పాత పుస్తకములకెల్ల ఓపికగా గుర్తులు పెట్టియుండిరి. ప్రతిదానికి శతకము, వ్యాకరణము, పురాణము అని విషయము. ‘ఎల్లోర్’, ‘ఏలూరు’ అని ముద్రణస్థలము. పదునాఱవ గుర్తు మా గురువుగారి పుస్తకము. ఇంగ్లీషు పేరు చూచితిని. శతకము పేరులోని మొదటి అక్షరమే తప్పు. నేను వేయిమార్లు వెదకినను ఆ తప్పు చేయగలవాడను కాను. పేరు తప్పైనను ఊరి పేరు ఒప్పుగా వ్రాసిన ఆ అజ్ఞాతుని చలువచేత తొంబదియెనిమిది పుటలు ఇంటికి వచ్చినవి.

మఱునాడు దానికి మా పట్టికలో గుర్తు పెట్టి, సరియైన పేరు తెలుగులో వ్రాసి, గురువుగారి పేరు, ఊరు చీటీలుగా అంటించితిని. ఆ పుస్తకము క్రింద రెండు గుర్తులని కనబడినది: ఆయనది, మాది. మొన్న చూడగా మూడని యున్నది. ఆ మూడవవారెవరో నేనెఱుగను.